మొరిగే కరెంటు, కరిచే ఆయిలు

పాత టూ స్ట్రోక్ బళ్ళున్నవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే మాటలన్నీ కరెంటు చుట్టూనే తిరుగుతాయి. కరెంటంటే ఇంట్లో పోయే కరెంటు కాదండోయ్, ప్లగ్గుకొచ్చే నిప్పురవ్వ. మెకానిక్కుల భాషలో దాని పేరు అదే. "పొద్దున్నే పాతిక కిక్కులు కొట్టినా లేవలేదు గురూ, ప్లగ్గు మార్చాను, పాయింట్లు గీకాను, కండెన్సరు కొత్తది వేశాను..." అని ఒకడు మొదలెడితే ఇంకొకడు దానికి రెండింతలు కష్టాలు చెప్తాడు. ఆయిలు సంగతి అడిగి చూడండి. "ఆఁ, పోస్తున్నాం కదా" అంటారు. ఆ టాపిక్ అక్కడితో సమాప్తం.

ఇవాళ నా గోలంతా ఆ "పోస్తున్నాం కదా" గురించే.

ముందు నా బళ్ళ సంగతి. ఒకటి నాన్నగారు నడిపిన రాజ్‌దూత్ 175. పోలండువాళ్ళ ఎస్.హెచ్.ఎల్. బండి నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసింది. దానికి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి, కరెంటు పాయింట్ల మీద నడుస్తుంది. రెండోది నేను కొనుక్కున్న యమహా ఆరెక్స్ 100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఈ బండి మీద మన కుర్రాళ్ళకి మోజు ఇప్పటికీ తగ్గలేదు. దీనికి ఆయిలు ట్యాంకు వేరే ఉంటుంది. ఎక్సలేటర్ తిప్పిన కొద్దీ ఒక చిన్న పంపు తగినంత ఆయిలు ఇంజనుకి పంపుతుంది. యమహా వాళ్ళు 1964లోనే 'ఆటోలూబ్' అని పేరు పెట్టి తెచ్చిన ఏర్పాటు ఇది. ఇందులో పాయింట్లు లేవు, సీడీఐ డబ్బా ఉంటుంది. అంటే ఒక బండిలో రెండు పనులూ చేత్తో చూసుకోవాలి, రెండో దాంట్లో రెండూ వాటంతటవే జరిగిపోతాయి. జరిగిపోతాయని మనం అనుకుంటాం.

రోజూ నేను వెళ్ళేది రిషికొండ మీద ఆఫీసుకి. బళ్ళ పని మాత్రం ఫిషింగ్ హార్బర్ నుంచి పాత ఊళ్ళోకి వచ్చే దారిలో ఉన్న ఒక రేకుల షెడ్డులో. అక్కడి మేస్త్రికి డెబ్భై ఏళ్ళుంటాయి. ఆయన గిరాకీలో నాలాంటి మోజు బాపతు తక్కువే. ఎక్కువమంది చేపల వాళ్ళు. వాళ్ళ దగ్గర పాత టూ స్ట్రోక్ ఎక్సెల్ బళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. 2015లో ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ 100 వచ్చాక చాలామంది మారిపోయారుగానీ, పాతది బాగా నడుస్తుంటే కొత్తదానికి అప్పెందుకని ఆగినవాళ్ళూ ఉన్నారు.

ఈ షెడ్డుకి అసలు సీజను వేసవి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. బోటు ఇంజన్లు విప్పేది అప్పుడే, వలలు బాగుచేసుకునేది అప్పుడే, చేపలు మోసే బళ్ళు మేస్త్రి దగ్గరకొచ్చేదీ అప్పుడే. సెలవుల్లో పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించినట్టు, ఒక్కొక్క బండికీ వరసగా సర్వీసు.

హార్బర్ బండికి ఉప్పు రెండు దారుల్లో అందుతుంది. ఒకటి గాలి. రెండోది చేపల డబ్బా. వేలంపాట అయ్యాక చేపల మీద ఐసు కొట్టి వెనక కట్టుకుని బయల్దేరతారు కదా, ఆ ఐసు కరిగి ఉప్పునీరు బొట్లుబొట్లుగా క్యారేజీ మీంచి ఇంజను పక్కకి కారుతూనే ఉంటుంది. దీనికి తోడు పోర్టు వైపునుంచి వచ్చే దుమ్ము. ప్లగ్ క్యాప్ మీద దుమ్ము పేరుకుని, దానికి ఉప్పు తేమ తగిలితే, ప్లగ్గులోకి పోవలసిన కరెంటు ఆ పూతమీంచి పక్కకి జారుకుంటుంది. చీకట్లో కిక్కు కొట్టి చూస్తే క్యాప్ చుట్టూ నీలంగా పాకడం కనిపిస్తుంది కూడా.

కాబట్టి ఇక్కడ కరెంటు జబ్బులు ఎక్కువ. మేస్త్రి వాటిని పట్టుకునే వరస నాకు భలే నచ్చుతుంది. ముందు ప్లగ్గు విప్పి, క్యాపుకి తగిలించి, దాని ఒంటిని ఇంజనుకి ఆనించి కిక్కు కొడతాడు. ఆనించకుండా గాల్లో పెట్టి కొడితే సీడీఐకి, కాయిలుకి మంచిది కాదు. ప్లగ్గు బోరు కన్నానికి దూరంగా పెట్టాలి, అక్కణ్ణుంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది. రవ్వ రాకపోతే ప్లగ్గు మార్చి చూడడం. అదీ కాకపోతే క్యాపు. ఆ తర్వాత కాయిలు ఛాసిస్‌కి బిగించే చోటు. అక్కడ తుప్పు పట్టి ఎర్త్ సరిగ్గా అందకపోతే ఎంత మంచి కాయిలైనా దండగే. ఉప్పుకాగితంతో రుద్ది బోల్టు బిగిస్తే సగం బళ్ళు అక్కడే లేస్తాయి. అదీ కాకపోతే అప్పుడు మాగ్నెట్ కవరు విప్పడం.

రాజ్‌దూత్ లాంటి పాయింట్ల బండిలో రెండు చిన్న లోహపు బిళ్ళలుంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే ప్లగ్గులో రవ్వ పుడుతుంది. పూర్తిగా విడిపోయినప్పుడు వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. ఫీలర్ గేజితో చూసుకోవచ్చు. బిళ్ళలు ఎప్పుడు విడిపోతున్నాయో తెలుసుకోవడానికి మేస్త్రికి మీటర్లేమీ అక్కర్లేదు. సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క వాటి మధ్య పెట్టి, మాగ్నెట్టుని నెమ్మదిగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగుతుంటాడు. కాగితం జారిన చోటే టైమింగు. పిస్టన్ పైకొస రావడానికి కొన్ని మిల్లీమీటర్ల ముందే అది జారాలి.

పాయింట్ల దగ్గరే ఆయిలుకీ కరెంటుకీ చుట్టరికం మొదటిసారి కనపడుతుంది. కామ్ మీద రాసుకుంటూ తిరిగే చిన్న ఫైబర్ మడమ ఒకటుంటుంది. దానికి ఆయిలు అందించడానికి పక్కనే ఒక ఫెల్టు ముక్క. దానికి సర్వీసుకి ఒకటి రెండు చుక్కలు చాలు. వెయ్యకపోతే మడమ అరిగి, పాయింట్ల సందు తగ్గి, రవ్వ ఆలస్యంగా పడి, ఇంజను వేడెక్కుతుంది. ఎక్కువేస్తే ఆయిలు చింది పాయింట్ల మీదే పడుతుంది, ఇంక కరెంటే రాదు.

ఇదంతా చదివాక మీకో సంగతి తోచే ఉంటుంది. కరెంటు జబ్బులన్నీ మొరిగే రకం. బండి లేవదు, లేదా నడుస్తూ తుప్పుతుప్పుమంటుంది, లేదా ఫట్టుమని సైలెన్సర్లో పేలుతుంది. రోడ్డు పక్కన చెమటలు కక్కుతూ తోసుకుపోతాం. తిట్టుకుంటాం. కానీ ఆ రోజే బాగుచేయించుకుంటాం. మొరిగే కుక్క కరవదని ఊరికే అన్లేదు.

ఆయిలు అలా కాదు. ఫోర్ స్ట్రోక్ బళ్ళలో ఇంజన్ ఆయిలు కిందనే ఉండి మళ్ళీమళ్ళీ తిరుగుతుంది. టూ స్ట్రోక్‌లో వెళ్ళిన చుక్క వెళ్ళినట్టే, పెట్రోల్తో పాటు క్రాంకు బేరింగుల్ని, పిస్టన్‌ని, బోరుని తడిపి కాలిపోయి పొగగా బయటికి పోతుంది. ఏ క్షణానికి కావలసిన ఆయిలు ఆ క్షణానికి కొత్తగా రావాలి. రాకపోతే ఏమవుతుంది? కొద్దిసేపు ఏమీ అవదు. పైగా బండి బాగుపడినట్టుంటుంది.

2009లో మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య వరస, తన ఆరెక్స్‌ని ఊళ్ళో ఒకచోట సర్వీసుకిచ్చాడు. ఇంటికి తెచ్చాక ఒకటే సంబరం. "చూడరా, వీసమెత్తు పొగ లేదు, బండి సాఫీగా పోతోంది, ఏం చేశారోగానీ బాగా చేశారు" అని. మూడో రోజు కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల మధ్య పోతుండగా ఇంజను పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. అన్నయ్య పడ్డాడు, వెనక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు కొట్టబట్టి ప్రాణం దక్కింది. కాలు విరిగింది. సరిగ్గా నడవడానికి ఏడాది పట్టింది.

బండిని మేస్త్రి షెడ్డుకి చేర్చాం. ఆయన బోరు విప్పకముందే పక్క మూత తీసి ఆయిలు ట్యాంకులోకి చూశాడు. అంచుల దాకా నిండుగా ఉంది. మాకు హమ్మయ్య అనిపించింది, ఆయిలు లోటు కాదు కదా అని. ఆయన మొహం మాత్రం మాడిపోయింది. "మూడు రోజులు తిరిగిన బండిలో నిండుగా ఉండడవేఁటి బాబూ?" అన్నాడు. సర్వీసులో ఆయిలు గొట్టం ఊడదీసి మళ్ళీ తగిలించారు, కానీ లోపల చేరిన గాలి తీయలేదు. గాలి బుడగ అడ్డం పడి పంపు ఉత్తినే తిరిగింది. పొగ లేకపోవడం సర్వీసు గొప్పతనం కాదు, కాలడానికి ఆయిలు లేదు, అంతే. పిస్టన్ నాలుగు మూలలా గీరుకుపోయి ఉంది.

ఆయన ఆ రోజు అన్న మాట నేను మర్చిపోలేను. "కరెంటు పోతే బండి ఆగిపోద్ది బాబూ. ఆయిలు పోతే మనిషి ఆగిపోతాడు."

మన ఉద్యోగాల్లో ఇలాంటివి మీరు చూసే ఉంటారు. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి పదిమంది లేచి కూర్చుంటారు, మర్నాడు మెయిళ్ళే మెయిళ్ళు. అదే బ్యాకప్ జాబ్ మూడు నెలలుగా ఖాళీ ఫైలు రాస్తోందనుకోండి, ఎవరికీ పట్టదు. పైగా జాబ్ ఇదివరకటి కంటే తొందరగా అయిపోతోందని సంతోషిస్తాం కూడా. పొగ రావట్లేదని అన్నయ్య సంతోషించాడే, అచ్చం అలాగ. ఎర్రర్ లేకపోవడం, పని జరగడం ఒకటి కాదు. పని జరిగిందనడానికి ఒక ఆనవాలు విడిగా ఉండాలి.

టూ స్ట్రోక్ ఆయిలుకి ఆ ఆనవాలు ఏమిటి? తగ్గడం! ట్యాంకులో ఆయిలు తగ్గుతూ ఉండాలి. నా ఆరెక్స్ పక్క మూత లోపలివైపు ఒక కాగితం అంటించాను. ఆయిలు నింపిన రోజు కిలోమీటర్లు రాస్తాను. మళ్ళీ నింపేటప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగానో రాస్తాను. నాలుగైదు సార్లు రాసేసరికి నా బండి, నా తోలకం లెక్క నాకే తెలిసిపోయింది. ఆ లెక్క కన్నా ఎక్కువ తాగితే ప్లగ్గు నల్లబడుతుంది, మసి పడుతుంది, మహా అయితే చిరాకు. తక్కువ తాగితే మాత్రం బండి అక్కడే ఆగాలి.

పంపు బళ్ళవాళ్ళు చూసుకోవలసినవి ఇంకో మూడున్నాయి. ఎక్సలేటర్ కేబులు ఒక కొమ్మ కార్బొరేటర్‌కి పోతే ఇంకో కొమ్మ పంపుకి పోతుంది. పంపు చక్రం మీద ఒక గీత ఉంటుంది, మాన్యువల్లో చెప్పిన స్థానానికి ఎక్సలేటర్ తిప్పినప్పుడు అది పిన్నుకి ఎదురుగా రావాలి. కేబులు సాగితే రాదు. రెండు, గొట్టం ఎప్పుడు ఊడదీసినా గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి ఆయిలు ధారగా వచ్చేదాకా ఆగాలి. మూడు, పంపు మీద పని జరిగాక మొదటి ట్యాంకు పెట్రోల్లో కూడా కాస్త ఆయిలు కలిపి నడపాలి. పొగ ఎక్కువొస్తుంది, రానీండి. పంపు తాగుతోందని కాగితం మీద తేలాక మానెయ్యొచ్చు.

ఇక కలిపి పోసే బళ్ళ సంగతి. ఇందులో నాకు గురువులు హార్బర్ చుట్టుపక్కల చిన్న ఫైబర్ పడవల వాళ్ళు. పెద్ద మర బోట్లవి డీజిల్ ఇంజన్లు, వాటి లెక్క వేరు. చిన్న పడవల్లో కొన్నిటికి వెనక తగిలించే టూ స్ట్రోక్ మోటార్లుంటాయి. ఒడ్డు కనపడనంత దూరంలో మోటారు పట్టేస్తే తోసుకుంటూ రావడానికి అక్కడ రోడ్డుండదు కదా. అందుకని వాళ్ళు ఆయిలుని ఎప్పుడూ కంటి లెక్కన పొయ్యరు. తెల్ల క్యానులో ముందు సగం పెట్రోలు, దాని మీద కొలిచిన ఆయిలు, మూత బిగించి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోసి మళ్ళీ కుదిపి, అప్పుడు ట్యాంకులోకి. అదీ పడవకి దూరంగా, దగ్గర్లో బీడీ వెలగకుండా. 2023 నవంబరు 19 రాత్రి నలభైకి దగ్గర బోట్లు కాలిపోయిన హార్బర్ అది, నిప్పంటే వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

మనవాళ్ళు చేసే పని చూడండి. బంకులో పెట్రోలు కొట్టించి, ఆయిలు పాకెట్టు పంటితో చింపి, ట్యాంకులోకి పిండి, బండి ఒకసారి అటూఇటూ ఊపి వెళ్ళిపోవడం. కలవని ఆయిలు అడుగుకి దిగి ట్యాపు దగ్గర చేరుతుంది. మొదటి రెండు కిలోమీటర్లూ ఆయిలే ఆయిలు, ప్లగ్గు తడిసి కరెంటు పోతుంది. (అప్పుడు మనం కరెంటుని తిడతాం!) ఆ తర్వాతి పెట్రోల్లో ఆయిలు ఉండవలసినంత ఉండదు.

కొలత సంగతి: 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. మీ బండికి ఏది అన్నది మీ మాన్యువల్ని అడగండి, పక్కింటాయన్ని కాదు. "మంచిదే కదా, ఇంకాస్త ఎక్కువ పోద్దాం" అనే పెద్దమనుషులకి ఒక మాట. ఎక్కువ ఆయిలు పోస్తే అదే కన్నంలోంచి వెళ్ళే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. మంట వేడి పెరుగుతుంది. అతి సర్వత్రా వర్జయేత్.

కలిపి పోసే బండికి ఘాట్ రోడ్డులో ఇంకో గండం ఉంది. సింహాచలం కొండ దిగుతూనో, అరకు నుంచి వస్తూనో ఎక్సలేటర్ పూర్తిగా మూసేసి గేర్లో దిగుతాం. ఇంజను జోరుగా తిరుగుతుంటుంది, పెట్రోలు వెళ్ళదు, దాంతోపాటు వెళ్ళవలసిన ఆయిలూ వెళ్ళదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి ఎక్సలేటర్ తిప్పుతుండాలి. అసలు టూ స్ట్రోక్ తోలేవాళ్ళు ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచాలంటాడు మేస్త్రి. ఇంజను పట్టేస్తున్నట్టు ఏమాత్రం అనిపించినా క్లచ్ లాగేస్తే చక్రం విడిపోతుంది. ఇంజను పోయినా కాలు మిగులుతుంది.

ఈ మధ్య ఒక కొత్త తలనొప్పి చేరింది. 2025కల్లా మన బంకుల్లో పెట్రోలు 20 శాతం ఎథనాల్ కలిసినదైపోయింది. ఎథనాల్ కలిస్తే పాత కార్బొరేటర్లో మిశ్రమం కాస్త పలచబడి ఇంజను ఇంకొంచెం వేడెక్కుతుంది. పైగా అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, విశాఖ గాల్లో తేమకేం కొదవ? నిషేధం రెండు నెలలూ మూలన పడున్న ఎక్సెల్ కార్బొరేటర్ విప్పితే అడుగున నీళ్ళు, తెల్లటి పొడి. అందుకని నేను చేసేది ఇది: బండి నెల రోజులు కదలదనుకుంటే ట్యాపు కట్టేసి, కార్బొరేటర్లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపుతాను. పాత రబ్బరు వాషర్లు, గొట్టాలు మార్చేస్తాను. ప్లగ్గు రంగు తెల్లబడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచమంటాను.

రాజ్‌దూత్‌కి కూడా పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టించమని చాలామంది చెప్తారు. రోజూ ఉప్పునీళ్ళలో నానే చేపల బండి అయితే నేనూ అదే చెప్తాను, మూసి ఉన్న డబ్బాకి ఉప్పు అంత తొందరగా అంటదు. నా బండికి మాత్రం పెట్టించలేదు. సీడీఐ పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుంది, పోయాక అరకు రోడ్డు మీద కూర్చుని చేసేదేమీ ఉండదు. పాయింట్లు ముందు నుంచీ సణుగుతూ ఉంటాయి, ఒక కాగితం ముక్కతో వాటిని దారిలో పెట్టొచ్చు. సణిగే వస్తువంటే నాకు అన్నయ్య పడ్డప్పటి నుంచి కాస్త గౌరవం ఎక్కువైంది లెండి.

అన్నయ్య మళ్ళీ ఆరెక్స్ ఎక్కలేదు. ఎక్కమని మేమూ అడగలేదు. ఆ ఇంజనుకి మేస్త్రి బోరు చేయించి కొత్త పిస్టన్ వేశాడు, బండి వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. కొనుక్కున్న కుర్రాడికి తాళంతోపాటు ఒక పెన్సిలూ ఇచ్చాడు మేస్త్రి, ట్యాంకు మీద ఆయిలు మట్టం గీత గీసుకోమని. ఇంట్లో ఏ మూలనైనా పాత టూ స్ట్రోక్ ఉంటే, ఇవాళ సాయంత్రం దాన్ని స్టార్ట్ చేసే ముందు మీరూ ఒక గీత గియ్యండి. వంద కిలోమీటర్లయ్యాక గీత కిందకి ఆయిలు దిగిందో లేదో చూడండి. ఆ తర్వాత కరెంటు గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం.

తా.క.: హార్బర్ దగ్గర పడవ మోటార్ల ఆయిలు సులువుగా దొరుకుతుంది, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. అది నీళ్ళతో చల్లబడే మోటార్ల కోసం చేసింది. గాలితో చల్లబడే మన బండి ఇంజను అంతకంటే చాలా వేడెక్కుతుంది, అది పొయ్యకండి. ఫోర్ స్ట్రోక్ బండిలో వేసే 20డబ్ల్యూ-40 కూడా వద్దు, అది కాలితే బూడిద మిగిలి ప్లగ్గుకి పడుతుంది. బైకుల కోసం అమ్మే 2టీ ఆయిలే పొయ్యండి.